నీకు తెలియదా?

బాపట్ల దగ్గర ఒక కాలేజీలో అమ్మాయిలకి చీటీలు పంచాను. శరీరం గురించి, సెక్స్ గురించి ఏదైనా అడగండి, పేరు రాయొద్దు అన్నాను. నెలసరి గురించి, మొదటి రాత్రి భయాల గురించి చాలా వచ్చాయి. ఒక్క చీటీ మాత్రం ఖాళీగా ఉంది. క్లాసయ్యాక ఒకమ్మాయి బస్టాండు దాకా నా వెనకే వచ్చింది. "ఖాళీది నాదే మేడమ్. క్లాసులో నా చేతిరాత అందరికీ తెలుసు. మాది స్టూవర్టుపురం. మేం అడిగితే 'నీకు తెలియదా?' అంటారు" అంది.

సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని. ఆ మాట ఏ పుస్తకాల్లోంచి వచ్చిందో వెతకడం తప్ప నాకేం చేతనవును! 1909లో వచ్చిన థర్‌స్టన్ 'దక్షిణ భారత కులాలు, తెగలు' తీశాను. అందులో ఎరుకల వాళ్ళ సంగతులు కొరవల అధ్యాయంలోనే ఉంటాయి. మొదటి ఇద్దరు కూతుళ్ళ మీద మేనమామకి హక్కుందని, అప్పుకి భార్యల్ని తాకట్టు పెడతారని రాశాడు. ఆడవాళ్ళ గురించి అంత రాసిన చోట ఒక్క ఆడగొంతూ నాకు వినపడలేదు. తర్వాత కొన్నేళ్ళకే నేరస్థ తెగల చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ చేతికి ఈ సెటిల్‌మెంటు వచ్చింది. చట్టం 1952లో పోయింది. ఆ రాతలు మిగిలాయి. మీనా రాధాకృష్ణ 2001 నాటి పుస్తకంలో ఈ సెటిల్‌మెంట్ల చరిత్ర చదువుతుంటే, మిషనరీలు ఆ స్త్రీల నీతి గురించి ఎంత దిగులుపడ్డారో తెలుస్తుంది.

నాకు సెక్స్ గురించి తెలిసింది హాస్టల్లో చేతులు మారుతూ నలిగిపోయిన వారపత్రికల్లోని డాక్టర్ సమరం జవాబుల వల్ల. గోరా కొడుకు ఆయన. ఆయన అన్న లవణం, వదిన హేమలత (జాషువా కూతురు) 1970లలో స్టూవర్టుపురంలో పనిచేశారు. ఒకే కుటుంబం అటు ఊరి మీది నేరముద్రతో, ఇటు సెక్స్ మీది మూఢనమ్మకాలతో పోరాడింది. ఈ రెండూ ఒకే అమ్మాయి మీద పడతాయని నాకు చాలాకాలం తట్టలేదు.

సమరం జవాబులు తెలియకపోవడమే సమస్య అన్న నమ్మకం మీద నడుస్తాయి. కన్నెపొర శీలానికి సాక్ష్యం కాదని అంత సూటిగా ఇంకెవరు చెప్పారు మనకి? కానీ పైకులపు ఇంట్లో పెరిగిన నాకు 'తెలియదు' అనడం మర్యాద. మంచిపిల్లనని దానికి మార్కులు కూడా పడ్డాయి. ఆ అమ్మాయికి తెలియకపోయే హక్కు కూడా లేదు.

చైనాలో లియు దాలిన్ బృందం 1989-90లో దాదాపు 20 వేలమందిని సర్వే చేసింది. వాళ్ళలో విద్యార్థులూ ఉన్నారు. తర్వాత కాలేజీ పిల్లల మీద వచ్చిన సర్వేలు జ్ఞానం, వైఖరి, ప్రవర్తన అని గళ్ళు గీసుకుంటాయి. నా చీటీలూ ఆ తరహావే. ఖాళీ చీటీని ఏ గడిలో వెయ్యాలి? అజ్ఞానం కింద వేస్తే అబద్ధం.

1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు స్త్రీవాదుల కవిత్వాన్ని బూతన్నారు. శరీరం గురించి మాట్లాడే హక్కు కోసం మనవాళ్ళు గట్టిగా నిలబడ్డారు. నోరు విప్పితే అదే తన కులం మీద రుజువవుతుందని భయపడే పిల్ల ఆ చర్చలో నాకు కనపడలేదు.

బస్సు వచ్చేలోపు ఆ అమ్మాయి ప్రశ్న అడిగేసింది. అదేమిటో ఇక్కడ రాయను. తెలిసినంత చెప్పాను. తప్పేమైనా చెప్పానేమోనని ఇంటికెళ్ళగానే సమరం పుస్తకం తీసి చూసుకున్నాను.