దోపిడియా, ధారాదత్తమా? - ‘ది గ్రేట్ హ్యాక్’ చిత్రముపై విమర్శ

కరీమ్ ఆమెర్, జెహాన్ నుజైమ్ అనువారు కలసి తీసిన ‘ది గ్రేట్ హ్యాక్’ అను వాస్తవ చిత్రము 2019లో వెలువడినది. కేంబ్రిడ్జ్ ఎనలిటికా అను బ్రిటిష్ సంస్థ ఫేస్‌బుక్ వాడువారి సొంత సమాచారమును చేజిక్కించుకొని ఎన్నికల ప్రచార వ్యాపారమునకు దింపిన ఉదంతము దీనికి కథావస్తువు. ‘హ్యాక్’ అను మాట నేటి ఉన్నత పాఠశాల విద్యార్థులకు కొత్త కాదు. ఒకరి కంప్యూటరులోనికి దొంగచాటుగా చొరబడుట అని వారు దానికి అర్థము చెప్పుకొందురు. కనుక ఈ చిత్రమును చూచిన విద్యార్థి ఎక్కడనో ఒక గొప్ప దొంగతనము జరిగినదని, ఎవరో మేధావులు తాళములు విరిచి లోపలికి పోయినారని నమ్మును. జరిగినది అది కాదు. ఏ తాళమును విరగలేదు. దాచుమని మనమిచ్చిన సొమ్మును దాచినవాడే బయటివానికి అప్పగించినాడు. అదియును మన సంతకముతో కాదు, మన పొరుగువాని సంతకముతో. చిత్రము పేరులోనే ఉన్న ఈ పొరపాటు చిత్రమంతటను వ్యాపించినది.

ఆ అప్పగింత ఎట్లు జరిగినదో చూడవలెను. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయములో మనస్తత్త్వశాస్త్ర పరిశోధకుడుగా ఉండిన అలెగ్జాండర్ కోగన్ 2014 ప్రాంతమున ఒక యాప్ నడిపినాడు. స్వభావమును పరీక్షించు ప్రశ్నలు కొన్ని అందులో ఉండినవి. స్వల్ప ప్రతిఫలమునకు ఆశపడి చాలమంది జవాబులు చెప్పినారు. చెప్పుటకు ముందు తమ ఫేస్‌బుక్ ఖాతాను చూచుటకు యాప్‌నకు అనుమతి ఇచ్చినారు. ఇట్లు అనుమతించినవారు సుమారు 2,70,000 మంది. అయితే ఆనాటి ఫేస్‌బుక్ ఏర్పాటు ప్రకారము, ఒక వ్యక్తి అనుమతి ఇచ్చినచో యాప్‌నకు ఆ వ్యక్తి సమాచారము మాత్రమే కాక అతని స్నేహితుల సమాచారము కూడ లభించెడిది. స్నేహితుడు తన ఖాతాలో ఏ మూలనో ఉన్న ఒక మీటను ముందుగనే మార్చుకొనియుండిన తప్ప దీనిని ఆపలేడు. మీట ఉన్నదని తెలిసినవారే అరుదు. పేరు, పుట్టిన రోజు, ఉన్న ఊరు, ‘లైకు’ కొట్టిన పుటలు - ఇవి ఇట్లు తరలిపోయినవి. మొత్తము 8 కోట్ల 70 లక్షల మంది వరకు దీని పాలబడియుండవచ్చునని 2018 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ప్రకటించినది.

ఈ రెండు సంఖ్యలను నల్లబల్ల మీద వ్రాసి భాగించిన చాలును. 8,70,00,000ను 2,70,000తో భాగింపగా 322 వచ్చును. అనగా ఒక్కరు ‘సరే’ అన్నందుకు సగటున మూడువందల పైచిలుకు మంది గుట్టు బయటపడినది. ఈ 322 అను సంఖ్యలోనే ఉదంతమంతయు ఇమిడియున్నది. చిత్రములో స్నేహితుల మాట ప్రస్తావనకు వచ్చును కాని అక్కడ నిలువక, వెంటనే ఎన్నికల సభల కోలాహలములోనికి దాటిపోవును.

మన దేశపు లెక్క మరియొక విధముగ బోధకరమైనది. భారతదేశములో ఆ యాప్‌ను పెట్టుకొన్నవారు 335 మంది మాత్రమేననియు, స్నేహితుల మూలమున సమాచారము పోయియుండగలవారు 5,62,120 మందియనియు ఫేస్‌బుక్ తెలిపినది. తొందరపడు విద్యార్థి ఇక్కడను భాగహారము చేయును. 1,678 వచ్చును. భారతీయులకు ఇంతమంది స్నేహితులా యని ఆశ్చర్యపడును. భాగహారము సరియైనదే, భాజకము తప్పు. ఆ 5,62,120 మంది ఈ 335 మందికే స్నేహితులు కానక్కరలేదు. యాప్‌ను వాడినవారిలో హెచ్చుమంది అమెరికాలో ఉండినారు. డల్లాస్‌లో ఉన్న ఒక తెలుగువాడు సరదాకు ఆ ప్రశ్నలకు జవాబిచ్చిన యెడల, గుంటూరులో ఉన్న అతని చిన్ననాటి స్నేహితుడు లెక్కలోనికి వచ్చును. గుంటూరు స్నేహితునికి ఆ యాప్ పేరుకూడ తెలియదు. బంధువులు దేశదేశములలో ఉన్న తెలుగు కుటుంబములకు ఇది దూరపు కథ కాదు.

ఇక చిత్రము చెప్పదలచిన ముఖ్య విషయమునకు వత్తము. వీధిలో నడచు మనుష్యుల నుండి వెలుగు రేణువులు లేచి ఆకాశములో కలసిపోవుచున్నట్లు దర్శకులు చూపినారు. చూచుటకు బాగున్నది. ఆ రేణువులను పోగుచేసినవాడు మనిషి మనసును చదివి, తన ఇచ్చ వచ్చినట్లు త్రిప్పగలడు అని దాని భావము. ఇందుకు ప్రధాన సాక్షి ఆ సంస్థలో పనిచేసి బయటకు వచ్చిన బ్రిటనీ కైజర్. ఆమె వెంట కెమేరా చాల దూరము ప్రయాణము చేయును. అమెరికాలోని ప్రతి వయోజనుని గురించి 5,000 అంశములు తమ వద్ద ఉన్నవని ఆ సంస్థ చాటుకొనెడిది. ఆ మాట చిత్రములో మారుమ్రోగును. కాని కైజర్ ఉద్యోగము ఆ సంస్థకు వ్యాపారమును సంపాదించి పెట్టుట. సరకు అమ్మినవారి నోటనే సరకు నాణ్యమును విని నమ్ముట సంతలోనైనను వివేకము కాదు. వైజ్ఞానిక విషయమును గురించిన చిత్రములో అది మరింత లోపము.

మరి ‘లైకు’ల వలన మనిషిని ఎంతవరకు తెలిసికొనవచ్చును? దీనికి అచ్చయిన ఆధారమున్నది. 2013లో కొసిన్‌స్కీ, స్టిల్‌వెల్, గ్రేపెల్ అను ముగ్గురు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించినారు. వీరు వేరు, కోగన్ వేరు. 58,000కు పైబడిన స్వచ్ఛంద వ్యక్తుల ‘లైకు’లను తీసికొని, వాని నుండి వారి వయస్సు, రాజకీయ పక్షము, స్వభావము మున్నగునవి ఊహించుటకు వీరు పూనుకొన్నారు. డెమొక్రాట్, రిపబ్లికన్ పక్షముల వారిని వేరుచేయుటలో 85 శాతము అని ఫలితము వచ్చినది. ఈ వార్త చదివినవాడు నూరుగురిని నిలబెట్టిన 85 మంది పక్షమును సరిగా చెప్పునని అనుకొనును. వ్యాస సంగ్రహములోని వాక్యమే అట్లనిపించునట్లున్నది. నిజమునకు ఈ కొలత వేరు. ఆ గుంపు నుండి ఒకరిని, ఈ గుంపు నుండి ఒకరిని యాదృచ్ఛికముగ ఎన్నుకొని ఇద్దరిని ఎదుట నిలిపి, ఎవరెవరో చెప్పుమన్నచో నూరు జతలలో 85 జతలకు సరిగా చెప్పును. ఇంతే దీని అర్థము. జతగా నిలబెట్టి అడుగుట సులభము. బజారులో ఒంటరిగా పోవు మనిషిని చూపి అడుగుట కష్టము.

ఎంత కష్టమో ఒక ఊహా లెక్కతో తేలును. వేయిమంది ఉన్న గుంపులో ఒక లక్షణము 50 మందికి ఉన్నదనుకొందము. ఉన్నవారిలో నూటికి 80 మందిని పట్టుకొని, లేనివారిలో నూటికి 20 మందిని పొరపాటున పట్టుకొను సాధనమొకటి ఉన్నదనుకొందము. ఉన్నవారిలో 40 మంది దొరకుదురు. లేనివారు 950 మంది. వారిలో 190 మంది కూడ వలలో పడుదురు. మొత్తము 230 మందికి ముద్ర పడినది, అందులో సరియైనవారు 40 మందే. ఆరుగురిలో అయిదుగురు తాము కాని దానికి గుర్తింపబడినారు. తమకు ముద్ర పడినదని కూడ వారికి తెలియదు. ఈ సాధనము సరిగా పనిచేసినప్పటి హానిని చిత్రము చూపినది. తప్పుగా పనిచేసినప్పటి హానిని చూపలేదు. రెండవదే ఎక్కువమందికి తగులును.

స్వభావము విషయములో ఫలితములు ఇంకను పలుచన. బహిర్ముఖత్వమునకు, ‘లైకు’ల మూలమున ఊహించిన విలువకు మధ్య సహసంబంధము సుమారు 0.40. దీని వర్గము 0.16. అనగా మనిషికి మనిషికి గల వ్యత్యాసములో ‘లైకు’లు వివరింపగలిగినది నూటికి 16 వంతులు, తక్కిన 84 వంతులు వాని చేతికి అందలేదు. ఆ వ్యాసములోనే వేడుకైన విషయమొకటి ఉన్నది. మెలికలు తిరిగిన ఆలుగడ్డ వేపుడు పుటకు ‘లైకు’ కొట్టుట అధిక తెలివికి గుర్తుగా తేలినది. వేపుడు తిని తెలివి పెంచుకొనవచ్చునని ఎవరును భ్రమపడనక్కరలేదు. తెలివైన కొందరు మొదట కొట్టగా వారి స్నేహితులు అనుసరించియుందురు. సహసంబంధము వేరు, కారణము వేరు అని బోధించుటకు ఇంతకన్న రుచికరమైన ఉదాహరణము దొరకదు.

2020 అక్టోబరులో బ్రిటన్ సమాచార కమిషనర్ తమ దర్యాప్తు ఫలితమును పార్లమెంటు సంఘమునకు తెలుపుచు, కేంబ్రిడ్జ్ ఎనలిటికా వాడిన పద్ధతులు చాలవరకు అందరికి అందుబాటులో ఉన్న మామూలు పద్ధతులేనని వ్రాసినారు. చిత్రము అంతకుముందే వచ్చినది గనుక ఈ సంగతి లేదని దర్శకులను తప్పుపట్టరాదు. కాని 2013 వ్యాసము వారి ముందున్నదే.

మంత్రశక్తి లేదన్నంత మాత్రమున తప్పు తేలికయగునా? కాదు, బరువు మరియొక చోటికి మారును. మనసును త్రిప్పు మాయగాడు ప్రతినాయకుడైనచో వేదిక నిచ్చినవాడు తప్పించుకొనును. ఫేస్‌బుక్ ఈ దుర్వినియోగముతో వ్యవహరించిన తీరు చూడుడు. కోగన్ సేకరించిన సమాచారము కేంబ్రిడ్జ్ ఎనలిటికా వైపు పోయినదని 2015 డిసెంబరులోనే ‘గార్డియన్’ పత్రిక వ్రాసినది. ఫేస్‌బుక్ ఆ సమాచారమును తొలగింపుడని కోరి, తొలగించితిమని వ్రాతమూలకమైన హామీలు తీసికొన్నది. పరీక్షనాళికను కడిగితినని విద్యార్థి చెప్పినచో ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు దానిని వెలుతురుకు ఎత్తి చూచును. కోట్లమంది సమాచారము విషయములో ఆపాటి పనికూడ జరుగలేదు. నష్టపోయినవారికి కబురందినది 2018 ఏప్రిల్‌లో. అదియును మార్చిలో పత్రికలు గగ్గోలు పెట్టిన పిదప. మధ్య రెండు సంవత్సరముల నాలుగు నెలలు మౌనము. స్నేహితుల సమాచారమిచ్చు ద్వారమును మూయుదుమని 2014లో ప్రకటించి, పాత యాప్‌లకు మరియొక ఏడాది గడువిచ్చుట వేరే ముచ్చట.

2019 జూలై 24న అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్‌నకు 500 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించినది. నెట్‌ఫ్లిక్స్‌లో ఈ చిత్రము విడుదలయినదియు ఆనాడే. మొత్తము పెద్దదే, అయితే 2018లో ఆ సంస్థ రాబడి 5,500 కోట్ల డాలర్లకు పైబడినది. జరిమానా ఇంచుమించు నెలరోజుల రాబడి. మన దేశములో 2021 జనవరిలో సి.బి.ఐ. కేంబ్రిడ్జ్ ఎనలిటికాపైనను, కోగన్‌కు చెందిన సంస్థపైనను కేసు నమోదు చేసినది.

చిత్రములో నిజముగ మెచ్చదగినది డేవిడ్ కారల్ కథ. న్యూయార్క్‌లో పాఠము చెప్పు ఈ ఆచార్యుడు వేసిన ప్రశ్న చాల చిన్నది: ‘నన్ను గురించి మీ వద్ద ఏమున్నది?’ సమాచారము బ్రిటన్‌లో ఉన్నది గనుక బ్రిటన్ చట్టము ప్రకారము తన దస్త్రము తనకిమ్మని అతడు అడిగినాడు. కొద్దిపాటి కాగితము వచ్చినది. తక్కినదానికై పోరాడినాడు. అధికారుల ఉత్తర్వును పాటింపనందుకు కేంబ్రిడ్జ్ ఎనలిటికా సోదర సంస్థ 2019 జనవరిలో న్యాయస్థానమున నేరము నొప్పుకొన్నది. 15,000 పౌనుల జరిమానా పడినది. దస్త్రము మాత్రము కారల్‌నకు పూర్తిగా చేరలేదు. ఇందులో రేణువులు ఎగురవు, సంగీతము ఉరుమదు. ఉత్తరములు, గడువులు, వకీళ్లు మాత్రమే. అయినను శాస్త్రీయ దృష్టి గల ప్రేక్షకునికి ఉత్కంఠ కలిగించు భాగమిదియే.

ఫేస్‌బుక్‌లో ఆ ద్వారము 2015లో మూతబడినను అటువంటి ద్వారము ప్రతి ఇంటి ఫోనులో ఉన్నది. కొత్త యాప్ పెట్టగనే ‘మీ కాంటాక్టులను చూడనిత్తురా?’ అని అడుగును. సరేనన్నవాడు ఇచ్చునది తన వస్తువు కాదు. పెద్దమ్మ నంబరు, లెక్కల మాస్టారి నంబరు, తోటి విద్యార్థిని నంబరు అందులో ఉన్నవి. ముక్కు మొగము తెలియనివారి వేధింపు ఫోనులు ఎక్కడనుండి మొదలగునో వెదకినచో ఇట్టి అనుమతి ఒకటి బయటపడవచ్చును. భారత పార్లమెంటు 2023లో ఆమోదించిన సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా, విషయము తెలిసి ఇచ్చినదై ఉండవలెనని, 18 ఏండ్లు నిండనివారి విషయమున తలిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. స్నేహితుని బదులు స్నేహితుడు చేయు సంతకమునకు ఆ నిర్వచనములో చోటు కనబడదు.

చిత్రము ఆంగ్లములో ఉన్నది. పదవ తరగతి వారికి చూపదలచిన ఉపాధ్యాయుడు ముందు తాను చూడవలెను. కారల్ వచ్చు భాగములు చూపిన చాలును; కైజర్ ప్రయాణములు తగ్గినను నష్టము లేదు. చిత్రము మొదలు పెట్టుటకు ముందు నల్లబల్ల మీద 322 అని వ్రాసియుంచి, అది ఎట్లు వచ్చినదో చివర అడుగవచ్చును.