పటం మీద ముందు ఉత్తరం

దస్తావేజు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు అడిగేది స్టాంపు డ్యూటీ ఎంతవుతుందని. నేను ముందు చూసేది వాళ్లు తెచ్చిన స్కెచ్చు మీద ఉత్తరం గుర్తు ఉందా అని. ఆ బాణం లేని పటం పెట్టుకుని హద్దులు రాయాలంటే నాకు చెయ్యి ఆడదు.

పొలం కొలతల పటం, అదే ఎఫ్‌ఎంబీ స్కెచ్చునే తీసుకోండి. కొలతలు, రాళ్ల గుర్తులు, చుట్టుపక్కల సర్వే నంబర్లు అన్నీ ఉంటాయి. గట్టు మీద నిలబడి ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నామా, తూర్పు రైతు పడమటికి, దక్షిణాన ఉన్న డొంక ఉత్తరానికి పోతాయి. కాగితం మీది ఉత్తరాన్ని నేల మీది ఉత్తరానికి తిప్పి పట్టుకున్నాకే ఏ గీత ఏ గట్టో తెలుస్తుంది.

పొద్దు పొడిచేదే తూర్పు అనుకుని హద్దులు చెప్పేవాళ్లు ఎక్కువ. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనే. జూన్ చివర్లో మన ప్రాంతంలో సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు, డిసెంబరులో దాదాపు అంతే దక్షిణానికి. మూలగా ఉన్న పొలానికి ఈ తేడా చాలు, తూర్పు హద్దు ఉత్తరపు హద్దయి కూర్చుంటుంది. ఫోనులో దిక్సూచి చూద్దామంటే, బోరు మోటారు దగ్గరో ఇనప గేటు పక్కనో అదీ తప్పుతుంది. కాస్త దూరం జరిగి మళ్లీ చూడాలి.

చట్టానికీ ఈ పట్టింపు ఉంది. పట్టణంలో ఇల్లు వీధికి ఉత్తరాన ఉందో, మరే దిక్కున ఉందో దస్తావేజులో చెప్పాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ అంటుంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి. కాబట్టి సెంట్లతో సహా విస్తీర్ణం సరిగ్గా రాసుకున్నా దిక్కు తప్పితే చిక్కే. సవరణ దస్తావేజుకు అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. ఆయన కాలం చేసి ఉంటే వారసులందరి చుట్టూ తిరగాలి.

హద్దు దగ్గర పక్క రైతు పేరొక్కటే రాయించి ఊరుకోకండి. రేపు ఆయన అమ్ముకోవచ్చు. పేరుతోపాటు సర్వే నంబరూ రాయించండి. బయానా ఇచ్చే ముందే పొలానికి వెళ్లి, పటాన్ని ఉత్తరానికి తిప్పి పట్టుకుని, నాలుగు హద్దులూ పక్క రైతుల ముందు పైకి చదవండి. వాళ్లు ఔనన్నాకే డబ్బు చేతులు మారనివ్వండి.