నాలుగో వరుస నేర్పు

వైకల్యం ఉన్న పిల్లలకూ మిగతా పిల్లలతో కలిసి చదువుకునే హక్కు ఉందని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 24వ అధికరణంలో చెప్పింది. బ్రెయిల్ నేర్పాలనీ అందులోనే ఉంది. మాట బాగుంది. దాన్ని ప్లాస్టిక్ ముక్కలో ఇమిడ్చిన పనితనం అంతకన్నా బాగుంది.

లెగో ఇటుకలతో బ్రెయిల్ నేర్పవచ్చని డెన్మార్క్ అంధుల సంఘం 2011లో, బ్రెజిల్‌కు చెందిన డోరినా నోవిల్ ఫౌండేషన్ 2017లో లెగో ఫౌండేషన్‌కు సూచించాయి. 2020లో ఆ ఇటుకల పెట్టెలు కొన్ని దేశాల సంస్థలకు ఉచితంగా అందాయి.

మామూలు ఇటుక మీద రెండేసి బొడిపెలు నాలుగు వరుసలు. బ్రెయిల్ అక్షరానికి మూడు వరుసలే చాలు. నాలుగో వరుసను నున్నగా వదిలి, అక్కడ అక్షరం అచ్చువేశారు. చూపులేని పాప వేలితో తడిమి చదివేది, పక్కనున్న పిల్లవాడు కంటితో చదువుతాడు. బ్రెయిల్ రాని టీచరూ ఆటలో చేరవచ్చు.

అసలు అందం మరొకటి. బ్రెయిల్‌లో ఆర్‌ను తలకిందులు చేస్తే డబ్ల్యూ అవుతుంది. మూడు వరుసల ఇటుకైతే పిల్లలు తికమకపడేవారు. ఇంగ్లీషు అక్షరాలు 26లో ప్రతిదానికీ పైవరుసలో కనీసం ఒక చుక్క ఉంటుంది. నాలుగో వరుసలో ఎప్పుడూ బొడిపె ఉండదు. అంచున బొడిపె తగిలితే అదే తల. వేరే గుర్తు అక్కర్లేదు. అడుగుభాగం కూడా మామూలు ఇటుకదే కాబట్టి ఇంట్లో ఉన్న లెగోతో కలిసిపోతుంది.

లోటూ చెప్పుకోవాలి. కాగితం మీద బ్రెయిల్ అక్షరం వేలికొన కింద ఒకేసారి ఇముడుతుంది. ఇక్కడ బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, వేలు తిరగాల్సిందే. ఇది ఓనమాల దశకే. పుస్తకానికి బదులు కాదు.

మన భాషలకు వాడే భారతి బ్రెయిల్‌లో క, ల, మ చుక్కలు ఇంగ్లీషు కె, ఎల్, ఎమ్‌లవే. ఖ, ఘ, థలకు మాత్రం ఆ 26లో చోటు లేదు. పైగా ‘ఞ’ చుక్కలు రెండూ మధ్య వరుసలోనే ఉంటాయి. అక్కడ తల, తోక తేల్చే సూత్రం చెల్లదు. తెలుగు ఇటుక చేయబూనేవారు అంచున చిన్న గాటైనా పెట్టాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు అది ప్రాజెక్టుగా ఇవ్వదగ్గ పని. ముందు చూపులేని టీచర్లను అడిగి మొదలుపెట్టండి.