అంబాసిడర్‌లోకి డీజిల్

పాత పెట్రోలు అంబాసిడర్‌లోకి 1489 సీసీ డీజిల్ ఇంజను దించే మెకానిక్కుని చూడాలి. చైన్‌బ్లాకుకి వేలాడే ఇనప బరువుని అరచేత్తో మెల్లగా తోస్తాడు. గేర్‌బాక్సు షాఫ్టు పళ్లు క్లచ్‌ప్లేటులో కూర్చునేదాకా కదిపి చూస్తాడే గానీ బలవంతం చెయ్యడు. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు, కార్బొరేటరు ఇక పాతసామాను కొట్టుకే. పెరిగిన బరువుకి ముందు టార్షన్‌బార్లు సరిచేస్తాడు. తాళం తీసినా ఆగని ఇంజను కదా, పంపులో డీజిల్ కట్టేసే కేబులొకటి డాష్‌బోర్డు దగ్గరికి లాగుతాడు. నాకు ముచ్చటేసేది గాలి తీసే పని: స్క్రూ వదులుచేసి, బుడగలన్నీ పోయి డీజిల్ ఒకే ధారగా వచ్చేదాకా చేతిపంపు కొడతాడు. మోత, వణుకు తప్పవు. మాటలు అరుస్తూ చెప్పుకోవాలి. అయినా డీజిల్ బాగా చవకైన రోజుల్లో గుడివాడ నుంచి బందరుకో, మోపిదేవి గుడికో కిరాయి తిప్పే డ్రైవరుకి నాలుగు డబ్బులు మిగిల్చింది ఈ ఇంజను మార్పే.