పికప్ ట్రక్కుకు మెరుగులు: లాభనష్టాల విచారణ

అమెరికాలో ఫోర్డు సంస్థ 1925లో తన మోడల్ టి కారు వెనుక సామాను తొట్టి అమర్చి అమ్మకానికి పెట్టింది. రైతులకు, చిన్న వర్తకులకు ఉపకరించే నేటి పికప్ ట్రక్కు ఆ కోవలోనిదే. అక్కడి యజమానులలో పలువురు బండిని కొన్నది కొన్నట్లే ఉంచుకొనక, కమానులు మార్చి, ఇంజనుకు బలం పెంచి నడుపుతారు. మెత్తని నడక, అధిక శక్తి, తక్కువ చమురు ఖర్చు—ఈ మూడూ ఒక్కసారే లభిస్తాయని ఈ మార్పులను సమర్థించేవారి వాదన. దీనిని భౌతికశాస్త్రం ఎంతవరకు ఒప్పుకొంటుంది?

కమాను సంగతి మొదట చూతము. స్ప్రింగుకు వేలాడే ద్రవ్యరాశి తగ్గినకొద్దీ కంపనాల వేగం హెచ్చుతుందని విద్యార్థులు ప్రయోగశాలలో చూచే ఉంటారు. టన్ను బరువుకు తగిన కమాను ఖాళీ బండిని కుదపటానికి కారణం ఇదే. మరొక పట్టీ చేర్చితే మోత పెరిగి, ఖాళీ నడక ఇంకా బిరుసవుతుంది. పట్టీ తీసివేస్తే నడక మెత్తబడి, మోత తగ్గుతుంది.

ఇక బండిని ఎత్తుచేసి పెద్ద టైర్లు తొడగటం. గురుత్వకేంద్రం పైకి జరిగి, మలుపులలో బోల్తాపడే అవకాశం ఎక్కువవుతుంది. 30 అంగుళాల టైర్లకు బదులు 33 అంగుళాలవి వేసి మీటరును సరిదిద్దకపోతే, ముల్లు గంటకు 60 మైళ్లు చూపుతున్నప్పుడు బండి 66 మైళ్ల వేగంతో పోతుంది. గాలి నిరోధం వేగవర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, ఒక్క ఈ కారణం చేతనే అది 21 శాతం హెచ్చుతుంది. చమురు ఆదా మాట ఇక ఎక్కడిది?

అన్నిటికన్న గంభీరమైనది డీజిలు ఇంజనుల విషయం. పొగను వడగట్టే సాధనాలు తొలగిస్తే ఇంజనుకు అడ్డు తగ్గుతుంది; శక్తి, కొంత చమురు కలిసివస్తాయి. కాని ఆ లాభానికి మూల్యం చెల్లించేది ఇరుగుపొరుగువారి ఊపిరితిత్తులు. అంతకు ముందటి దశాబ్దిలో 5,50,000కు పైగా డీజిలు పికప్‌లలో ఈ సాధనాలను తొలగించారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసింది. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా విడిచే నత్రజని ఆక్సైడులు 5,70,000 టన్నులకు మించుతాయని దాని లెక్క.

అంతమాత్రాన మార్పులన్నీ వ్యర్థమనరాదు. ఫోర్డు 2015 నమూనా ఎఫ్-150 ట్రక్కు పైకట్టును అల్యూమినియం మిశ్రలోహంతో నిర్మించి, మొత్తం బరువును 700 పౌనుల వరకు తగ్గించగలిగింది. ద్రవ్యరాశి తగ్గితే అదే త్వరణానికి తక్కువ బలం చాలునని న్యూటను సూత్రం చెబుతూనే ఉన్నది. యజమానికైనా అనవసరపు బరువు దించటం, టైర్లలో తగినంత గాలి ఉంచటం మేలైన మార్గాలు.

ఏ మెరుగునైనా తూచేటప్పుడు త్రాసులో ఒక తట్టన యజమాని లాభాన్ని ఉంచితే, రెండవ తట్టన పొగగొట్టం నుంచి వెలువడేదానిని కూడా ఉంచవలెను. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించితే, బలము, వేగము, శక్తి అనే మాటలకు విద్యార్థులు నిజమైన అర్థం గ్రహిస్తారు.