మబ్బు తగిలే కొండల్లో

తుని దాటి పడమటికి తిరిగితే తూర్పు కనుమలు, తూర్పుకి వెళ్తే పెంటకోట దగ్గర తాండవ నదిని కలుపుకునే బంగాళాఖాతం. కొండకీ కడలికీ మధ్య ఇంత ఇరుకు చోటు ఉండడం పిట్టల అదృష్టం. నైరుతి మబ్బు కొండకి తగిలాక ఇక్కడ కూసే పిట్ట గొంతే వేరు.

ఆషాఢంలో తలుపులమ్మ గుడి ఉన్న లోవకి జనం బారులు తీరతారు. ఆ సందడికి కాస్త ఎడంగా, నీడ చిక్కగా ఉన్న వాగు వార కూర్చుంటే తోకపిగిలిపిట్ట కనబడొచ్చు. ముదిరిన పోతుపిట్ట తల నీలి మెరుపున్న నలుపు, కంటి చుట్టూ నీలం వలయం, ఒళ్లంతా తెలుపు. తోకలో రెండు ఈకలు ఒంటికన్నా పొడుగు. పురుగు కోసం ఎగిరి గాలిలో మలుపు తిరిగిందా, పిట్ట ముందు తిరుగుతుంది, ఈకలు ఆ తర్వాత తిరుగుతాయి, ఆరేసిన పంచె అంచుకి గాలి తగిలినట్టు. ఆ తెలుపుకి వెనక చీకటిపచ్చ ఉండి తీరాలి. పక్క వాలున జీడిమామిడి తోటలో పిగిలిపిట్టలు, గోరింకలు ఎన్నయినా దొరుకుతాయి, ఈ సొగసు మాత్రం దొరకదు. ఎగువ కొమ్మలు, కింద పొదలు, తడి, ఈగలు అన్నీ కలిస్తేనే ఆ తోకకి అర్థం.

ఈ నైరుతి గాలే అరేబియా సముద్రం అవతలి అంచునీ తడుపుతుంది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లలో కొందరికి ఒమన్‌లోని సలాలా తెలుసు. దాని వెనకున్న ధోఫార్ కొండల్ని జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా పొగమంచు కమ్ముకుంటుంది. అక్కడ కురిసేది ఎక్కువగా తుంపరే. చెట్ల ఆకులే మంచుని పట్టి, బొట్టుబొట్టుగా నేలకి దించుతాయి. ఆ చెట్లలో ముఖ్యమైనది ఎవరో కాదు, మన చిరుమానుకి దగ్గర చుట్టం. దాని నీడలో తోకపిగిలిపిట్ట ఆఫ్రికా బంధువు మసలుతుంది. ఎడారి అంచున అంత పచ్చదనం, అందులో అంత పొడుగు తోక! తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

ఆ గాలితోపాటే ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మన దేశానికి వచ్చేది చాతకం. దక్షిణాదిలో ఏడాది పొడుగునా ఉండే చిన్న తెగ ఒకటి వేరే ఉంది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నెత్తిన నిక్కిన జుట్టు, రెక్క విప్పితే తెల్లటి మచ్చ. వానచినుకు తప్ప ముట్టదని కవులన్నారు. అది ఇష్టంగా తినేది మాత్రం గొంగళిపురుగుల్ని. వాన పడి చిగురు తొడిగితేనే ఆ పురుగు. కవుల మాట అలా చుట్టు తిరిగి నిజమే అయింది. గుడ్లు పెట్టడానికి బాబ్లర్ పిట్టల గూళ్లు కావాలి కనుక వాటి కాపురాలు సాగే కాలానికే తన రాకనీ కలుపుకుంది.

రెండు కొండల్లో ఏది గొప్పదంటే నా మొగ్గు తుని వైపే. సెప్టెంబరు దాటితే ధోఫార్ పసుపుబారుతుంది. మనకి ఆ తర్వాత ఈశాన్యపు వానలున్నాయి. చాతకం వెళ్లే రోజుల్లోనే హిమాలయాల నుంచి పసుపు పొట్ట జిట్టంగులు దిగి, కొండవాగుల తడిరాళ్ల మీద తోకలాడిస్తూ చలికాలమంతా ఉండిపోతాయి.