గాజుపెట్టెలో షెల్లీ

యూనివర్సిటీ లైబ్రరీలో జరిగే ప్రదర్శనలను సాహిత్య విమర్శకుడు పట్టించుకోనక్కర్లేదని మనలో చాలామంది అభిప్రాయం. అది లైబ్రేరియన్ల పని, లేదా పాత కాగితాల మీద మోజున్నవాళ్ళ సరదా అని వాళ్ళు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఒక కవి రాతప్రతుల్లో దేన్ని బయటికి తియ్యాలి, ఏ పుట తెరిచి ఉంచాలి, కింద అట్టముక్క మీద ఏ నాలుగు వాక్యాలు రాయాలి అన్న నిర్ణయాలన్నీ విమర్శే. వ్యాసం రూపంలో లేదు గనక దానికి ఎవరూ జవాబు రాయరు, అంతే తేడా.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వారి బోడ్లియన్ లైబ్రరీ షెల్లీ పేరుమీద చేసిన రెండు పనులను ఈ దృష్టితో చూడాలనుకుంటున్నాను. ఒకటి 2010-11లో జరిపిన 'షెల్లీస్ ఘోస్ట్' ప్రదర్శన. రెండోది 2015 నవంబరులో ఒక చిన్న కరపత్రాన్ని లోకానికి చూపిస్తూ జరిపిన సభ.

ఈ యూనివర్సిటీకీ, ఈ కవికీ ఉన్న సంబంధం ముందు గుర్తు చేసుకోవాలి. 1811 మార్చి 25న షెల్లీని అక్కడి యూనివర్సిటీ కాలేజి నుంచి వెళ్ళగొట్టారు. నాస్తికత్వం అవసరమని వాదించే ఒక చిన్న పుస్తకం అచ్చువేసి బిషప్పులకూ కాలేజీ పెద్దలకూ పంపించాడు. 'ఇది నువ్వు రాసిందేనా' అని అడిగితే జవాబు చెప్పనన్నాడు. స్నేహితుడు హాగ్ కూడా అదే దారి పట్టాడు. అప్పటికి షెల్లీకి పద్దెనిమిదేళ్ళు. 1893లో అదే కాలేజీ, సముద్రంలో మునిగి చనిపోయిన షెల్లీ పాలరాతి విగ్రహాన్ని తన ఆవరణలో నిలుపుకుంది. విగ్రహం ఇచ్చింది మామగారిని ఎన్నడూ కళ్ళతో చూడని కోడలు, లేడీ జేన్ షెల్లీ. ఆ సంవత్సరమే ఆమె తన దగ్గరున్న కాగితాల్లో ఒక భాగాన్ని బోడ్లియన్‌కు ఇచ్చింది. బతికున్నవాడిని గెంటేసిన చోట శవానికి పీట వేశారు. మన దేశంలో కూడా ఇలాంటి మర్యాదలు కొత్తవి కావు.

'షెల్లీస్ ఘోస్ట్' ప్రదర్శన మెచ్చుకోదగ్గ పనే చేసింది. కుటుంబం వాళ్ళు షెల్లీ బొమ్మను ఎలా దిద్దారో, ఏవి దాచారో, ఏవి బయటపెట్టారో, అసలు ఆ దిద్దుబాటునే ప్రదర్శన వస్తువుగా తీసుకున్నారు. 1893 నాటి విరాళం, 1946లో వచ్చిన కాగితాలు, 2004లో కొన్న అబింజర్ పత్రాలు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సంపద, ఇవన్నీ ఒకచోట చేరాయి. జేన్ విలియమ్స్‌కు షెల్లీ ఇచ్చిన గిటారు, మేరీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' ప్రతి మీద అతను చేసిన దిద్దుబాట్లు చూస్తే ఎవరికైనా గుండె కాస్త ఝల్లుమంటుంది.

నా పేచీ ఆ వస్తువులతో కాదు, చట్రంతో. కుటుంబం అనే చట్రం ఎంచుకున్న తరవాత కవి కీర్తి అంతా ఇంటివాళ్ళ చేతిమీదుగానే నడిచినట్టు కనిపిస్తుంది. నిజంగా అలా నడిచిందా? 'క్వీన్ మాబ్'ను షెల్లీ 1813లో సొంతంగా కొద్ది ప్రతులు వేసుకున్నాడు. 1821లో క్లార్క్ అనే పుస్తకాల వ్యాపారి కవి అనుమతి లేకుండానే దాన్ని మళ్ళీ అచ్చేశాడు. అతన్ని కోర్టుకీడ్చారు. అయినా చవక ప్రతులు వస్తూనే ఉన్నాయి, చార్టిస్టు కార్మికులు దాన్ని చదువుకుంటూనే ఉన్నారు. 1841లో మాక్సన్ అనే ప్రచురణకర్త అదే కావ్యం కారణంగా దైవదూషణ నేరం కింద దోషి అనిపించుకున్నాడు. లేడీ షెల్లీ బోస్కోంబ్ ఇంట్లో అవశేషాలకు గుడి కట్టడానికి ముందే, కవితో చుట్టరికం లేనివాళ్ళు ఆ పద్యాలను జేబుల్లో పెట్టుకు తిరిగారు. వాళ్ళ జేబుల్లో నలిగిపోయిన ప్రతి గిటారులాగా అందంగా ఉండదు, అందుకని అది అద్దాల వెనక్కి చేరడం కష్టం. ఎక్కువమంది చదివిన పుస్తకమే తక్కువ భద్రంగా మిగులుతుంది. ప్రదర్శన అనే ప్రక్రియకే పుట్టుకతో ఉన్న లోపం ఇది, ఒక్క బోడ్లియన్‌ను తప్పుపట్టి లాభం లేదు.

ఇక 2015 నాటి సంగతి. వెళ్ళగొట్టిన నెలలోనే, అంటే 1811 మార్చిలోనే, 'ప్రస్తుత స్థితిగతుల మీద పద్యవ్యాసం' అని చెప్పదగ్గ కరపత్రం ఒకటి వెలువడింది. రచయిత పేరు లేదు, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన ఒక పెద్దమనిషి అని మాత్రం ఉంది. దాని అమ్మకం డబ్బు జైల్లో ఉన్న పీటర్ ఫినర్టీ ఖర్చులకు. ఇతను ఐర్లండు పత్రికా రచయిత. 1809లో వాల్చెరెన్ దండయాత్ర వెంట వెళితే ప్రభుత్వం వెనక్కి పంపేసింది. మంత్రి కాసిల్‌రేను నిందిస్తూ పత్రికలో రాశాడు, 18 నెలల శిక్ష పడింది. మొత్తం 172 పాదాల పద్యం. తరవాత ఒక్క ప్రతి కూడా ఎవరికీ దొరకలేదు. 2006లో ఒకటి బయటపడింది.

బయటపడిందన్న మాటే గాని ప్రజల చేతికి రాలేదు. తొమ్మిదేళ్ళు అది ప్రైవేటు ఆస్తి. చూసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రాసినందుకు జైలుపాలైన మనిషికోసం రాసిన పద్యాన్ని చదవాలంటే యజమాని దయ కావాల్సి వచ్చింది! కవి మైకేల్ రోజెన్ వంటివారు దీన్ని బయటపెట్టాలని పట్టుబట్టారు. చివరికి ఒక దాత సహాయంతో బోడ్లియన్ దాన్ని కొన్నది, తన కోటీ ఇరవై లక్షలవ అచ్చు పుస్తకంగా ప్రకటించింది. సభలో నటి వెనెస్సా రెడ్‌గ్రేవ్ పద్యభాగాలు చదివింది. సభ జరిగిన వెస్టన్ భవనానికి ఆ పేరు రెండున్నర కోట్ల పౌన్లు ఇచ్చిన ఫౌండేషన్ వల్ల వచ్చింది. మంత్రుల అవినీతినీ యుద్ధాన్నీ దుయ్యబట్టిన పద్యం దాతల పేర్లున్న గోడల మధ్య వినిపించడంలోని వింతను అక్కడున్నవాళ్ళలో కొందరైనా గమనించి ఉంటారు.

అయితే లైబ్రరీ ఇంకొక పని కూడా చేసింది. కరపత్రంలోని ప్రతి పుటనూ ఫొటో తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. నా దృష్టిలో సభకంటే, గాజుపెట్టెకంటే ఇదే పెద్ద పని. గాజుపెట్టెలో పుస్తకాన్ని ఒకచోటే తెరిచి ఉంచగలరు. ఎదురెదురుగా రెండు పుటలు, అంతే. దాన్ని చూడగలం గాని చదవలేం. చూడడం భక్తి, చదవడం వేరు.

ఆ చదవడంవల్లనే మనకు సంబంధించిన ఒక విషయం తెలిసింది. ఆ పద్యంలో భారతీయుడు ఉన్నాడు. తన నేలమీదనే పరాయి అధికారం కింద నలిగిపోతున్నవాడుగా, కళ్ళెదుట భార్యాబిడ్డలను లాక్కుపోతున్నా ఎదురుతిరగలేనివాడుగా ఉన్నాడు. 1811 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోకి వెళ్ళి నలభై ఏళ్ళు దాటింది. దత్తమండలాలు 1800లో వెళ్ళాయి. ఆ కుర్రవాడికి మన ఊళ్ళ పేర్లు తెలిసి ఉండవు. కాని కంపెనీ పాలన అంటే ఏమిటో తెలుసు.

మరి మనకు ఏ షెల్లీ తెలుసు? కృష్ణశాస్త్రి గారికి ఆంధ్రా షెల్లీ అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళు పొగడ్తగానే పెట్టారు, కృష్ణశాస్త్రి గారి గొప్పతనానికి అందువల్ల లోటేమీ లేదు. లోటు షెల్లీకి జరిగింది. విరహం, ఆకాశం, భరతపక్షి, కన్నీరు ఇవే షెల్లీ అయిపోయాయి. పీటర్లూలో 1819 ఆగస్టు 16న గుర్రపుదళం జనాన్ని నరికితే అతను రాసిన 'మాస్క్ ఆఫ్ అనార్కీ' పక్కకు పోయింది. ఆ కావ్యం 1832 దాకా, అంటే కవి చనిపోయి పదేళ్ళయ్యేదాకా అచ్చు కాలేదన్నది వేరే కథ. మన కాలేజీల్లో తరాల తరబడి పాఠ్యపుస్తకమైన పాల్‌గ్రేవ్ 'గోల్డెన్ ట్రెజరీ' 1861లో వచ్చింది. అందులో భరతపక్షి ఉంది, పీటర్లూ లేదు. తెల్లవాళ్ళ క్లాసురూములో ఏ షెల్లీని చెప్పాలో ఆ షెల్లీనే చెప్పారు. మనం సగం కవిని దిగుమతి చేసుకుని, మొత్తం కవి అనుకుని, ఆ పేరు మన కవికి తగిలించాం.

విశ్వవిద్యాలయాల తెలుగు, ఇంగ్లీషు శాఖలవారు ఈ లెక్క సరిచెయ్యడానికి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళనక్కర్లేదు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతున్నాం. బల్లలమీద కొత్త పుస్తకాల అట్టలు పరుస్తాం, ముఖ్య అతిథి రిబ్బను కత్తిరిస్తాడు, విద్యార్థులు ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోతారు. 1922లో వచ్చి నిషేధానికి గురైన 'మాలపల్లి' ఏ అధికారి చేతిలో ఏ ఉత్తర్వుతో ఆగిందో, గరిమెళ్ళ పాట ఎలా జైలుకు తీసుకుపోయిందో చూపించే బల్ల ఒకటి వెయ్యవచ్చు. తెల్ల ప్రభుత్వం నిషేధించిన భారతీయ పుస్తకాలు, కరపత్రాలు చాలా భాగం లండన్‌లో, ఇప్పటి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. నిషేధించినవాడే ప్రతి దాచిపెట్టాడు. వాటి జాబితా 1985లోనే పుస్తకంగా వచ్చింది. అందులోని తెలుగు పేర్లను ఒకసారి వరసగా రాసుకుని, వాటిలో ఎన్ని మన యూనివర్సిటీ అల్మారాల్లో దొరుకుతాయో వెతకడం ఒక ఎం.ఏ. విద్యార్థికి ఒక వేసవి పని.